చలికాలం ఎరుగని నేలలో ద్రాక్ష

“శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది” అంటారు మన పెద్దలు. వెళ్ళిపోయిన చలిని మనం మరచిపోతాం. ఆపిల్, పీచ్, ద్రాక్ష వంటి ఆకురాల్చే పండ్లమొక్కలు మాత్రం మరచిపోవు. ఎంత చలి గడిచిందో మొగ్గల్లోనే లెక్క కట్టుకుంటాయి. ఆ లెక్క నిండితేనే వసంతంలో సరిగా చిగురించి పూస్తాయి. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో చలిప్రాంతాల రైతులను కలవరపెడుతున్నది ఈ లెక్కే. ఆ కలవరం హైదరాబాదు ద్రాక్షరైతుకు కొత్త కాదు. చలికాలం సరిగా లేని నేలలో ఆయన తరాల తరబడి పంట తీశాడు.

ముందు చెట్టు నిద్ర గురించి కొంత చెప్పుకోవాలి. పగటి పొద్దు తగ్గి, చలి ముదిరేసరికి ఈ చెట్లు ఆకులు రాల్చి సుప్తావస్థలోకి జారుకుంటాయి. మళ్ళీ వెచ్చబడితే చాలు, మేలుకుంటాయని మనం అనుకుంటాం. అది నిజం కాదు. నడి చలికాలంలో నాలుగు రోజులు ఎండ కాస్తే, వసంతమని భ్రమపడి చిగురించిన చెట్టు ఆ తరువాత కురిసే మంచుకు మాడిపోతుంది. అందుకే తగినంత చలి అనుభవించేవరకూ, ఎంత వెచ్చదనం తగిలినా మొగ్గ విప్పుకోదు. మొక్కను మేల్కొలిపేది చలేనని అమెరికాలో ఫ్రెడరిక్ కొవిల్ 1920లోనే ప్రయోగపూర్వకంగా చూపాడు. 1950లో వైన్‌బెర్గర్ పీచ్ చెట్లకు ‘చలిగంటల’ కొలత వాడాడు. 7.2 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గడిచే ప్రతి గంటా ఒక చలిగంట. పేరున్న పాత ఆపిల్ రకాలకు ఇవి దాదాపు 1000, కొన్నిటికి అంతకు మించి కావాలి. కొలత సరళమైనదే కానీ, మధ్యలో వచ్చే వేడి అప్పటికి కూడిన చలిని కొంత చెరిపివేస్తుందని తరువాత తెలిసింది. దానిని లెక్కలోకి తీసుకొని 1974లో యూటా పద్ధతి, 1987లో ఇజ్రాయెల్ పరిశోధకుల పద్ధతి వచ్చాయి. చలి చాలకపోతే చెట్టు చచ్చిపోదు. కొమ్మ కొసన ఒకటి రెండు మొగ్గలు విచ్చి, తక్కినవి మొద్దునిద్రలో ఉండిపోతాయి. పూత ఒకేసారి రాదు, కాపు పలచబడుతుంది.

ఈ లెక్క మన ఊరికి వేసి చూడండి. హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. రికార్డుకెక్కిన చలిరాత్రే గీత కిందికి ఒక డిగ్రీ దిగితే, మామూలు సంవత్సరాల్లో చేరే చలిగంటలు శూన్యమే. మామిడికి దీనితో పని లేదు. అది ఉష్ణమండలపు చెట్టు, చల్లని రాత్రులు దానికి పూతకు సంకేతమే తప్ప నిద్ర కాదు. ద్రాక్ష అలా కాదు. అది చలికాలమున్న దేశాల నుంచి వచ్చిన తీగ. దానికి ఆపిల్‌కు కావలసినంత చలి అక్కరలేదు, కొద్దిపాటిది చాలు. ఆ కొద్దిపాటి చలి కూడా ఇక్కడ దొరకదు.

అయినా హైదరాబాదు పేరు చెప్పగానే ఒకప్పుడు ద్రాక్ష గుర్తుకొచ్చేది. పొడవాటి గింజ ద్రాక్ష ‘అనాబ్-ఎ-షాహీ’ని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ ఇక్కడ ప్రవేశపెట్టాడని చెబుతారు. పందిళ్ళ మీద పాకి, విరగకాసి, ఆ రకం దక్షిణాదిలో పలుచోట్లకు చేరింది. నిద్రపోని తీగను కాపుకు తెచ్చినది కత్తెర. చలిదేశాల్లో తీగను చలికాలంలో ఒక్కసారి కత్తిరిస్తారు. దక్కనులో రెండు కత్తిరింపులు. పంట కోశాక ఏప్రిల్‌లో రెమ్మలను ఒకటి రెండు కణుపులకు కత్తిరిస్తే, కొత్త రెమ్మలు వేసవి ఎండలో పెరుగుతాయి, వాటి కణుపుల్లో పండ్లమొగ్గ రూపుదిద్దుకుంటుంది. అక్టోబరులో మళ్ళీ కత్తిరిస్తే ఆ మొగ్గలు విచ్చి గెలలు వేస్తాయి. శివరాత్రి నాటికి, ఆ తరువాత పండ్లు అందుతాయి. అంటే ప్రకృతి ఇవ్వని ఋతువును రైతు కత్తెరతో కల్పించాడన్నమాట.

దీనికి మూల్యం లేకపోలేదు. కత్తిరించిన తరువాత మొగ్గలన్నీ ఒకేసారి విచ్చుకోవడానికి హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. అది విషం. పూసే కూలీ చర్మాన్ని, కళ్ళను దెబ్బతీస్తుంది, ఆ రోజు మద్యం తాగితే మనిషి ప్రమాదంలో పడతాడు. ఐరోపా సమాఖ్య 2008లో దానికి అనుమతి నిరాకరించింది. చలి చేయవలసిన పని రసాయనం చేస్తే, ఆ భారం మోసేది కూలీ చేతులే.

ఇప్పుడు చలిదేశాలూ ఈ దారికే వస్తున్నాయి. కాలిఫోర్నియా లోయలో చలిగంటలు తగ్గుతున్నాయనీ, ఈ శతాబ్ది చివరికి పలు పండ్లతోటలకు అవి చాలకపోవచ్చనీ 2009లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. హిమాచల్‌లో ఆపిల్ తోటలు ఎగువ కొండలకు జరుగుతున్నాయి. మరొక దారి తక్కువ చలితో సరిపెట్టుకొనే రకాలను వెదకడం. ఇజ్రాయెల్‌లో పుట్టిన ‘అన్నా’ ఆపిల్ అటువంటిది. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 కూడా అటువంటిదే. ఆయనకు 2025లో పద్మశ్రీ లభించింది. మన ఉప్పల్ రోడ్డు మీద, హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా తెలుగు నేలలో ఆపిల్ సాగుపై పనిచేశారు. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు పండించిన ఆపిల్ పండ్లు 2020 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి చేతికి అందాయి.

ఆపిల్ వచ్చినందుకు ఆనందమే. కానీ అంబర్‌పేట నుంచి రామంతాపూర్ మీదుగా ఉప్పల్, నాచారం వైపు సాగితే కాలనీలూ కర్మాగారాలే తప్ప ఒక్క ద్రాక్షపందిరి కంటబడదు. నగరం పెరిగేకొద్దీ శివార్ల తోటలు ఇళ్ళస్థలాలయ్యాయి. నేలకు ధర కట్టారు. ఏప్రిల్‌లో ఏ కణుపు దగ్గర కోయాలో, అక్టోబరులో ఎన్ని కణుపులు వదలాలో తెలిసిన చేతులకు మాత్రం ఎవరూ ధర కట్టలేదు. చలికాలం పోగొట్టుకోబోతున్న దేశాలకు రేపు కావలసినది ఆ చేతుల విద్యే. అది ఏ జన్యువులోనూ రాసి ఉండదు, నేర్పేవాడు పోతే మొగ్గలో మిగలదు.