కృష్ణను దాటు త్రోవ

సున్నిపెంటలో వేకువజామున పరుగునకు బయలుదేరినవాడు లింగాలగట్టు దారి పట్టి, ఆనకట్ట దిగువనున్న కృష్ణ వంతెనవరకు పోయి రావలయుననియే నేను చెప్పుదును. ఏలయన మలుపు మలుపునకు లోయ లోతగుచు, మోకాళ్లు బరువెక్కుచుండగా, ఈ నది కొండల నడుమ ఎంత అడుగున ప్రవహించుచున్నదో వాహనములో కూర్చున్నవానికి తెలియని సంగతి పాదములకు తెలిసివచ్చును. ఆ లోతే ఈ ప్రదేశపు చరిత్రమంతటికిని మూలము.

పెంట యనగా నల్లమలలో చెంచుల నివాసము. నదికి ఆవల ఈగలపెంట, దోమలపెంట, ఈవల సున్నిపెంట. శ్రీశైల మల్లికార్జునుని చెంచుమల్లయ్యగా, తమ యింటి అల్లునిగా భావించుకొను ఈ జనుల కాలిబాటలే యాత్రికుల తొలిబాటలని నా విశ్వాసము. పడమటినుండి వచ్చువారు ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలనుల మీదుగా కైలాసద్వారమునకు ఎక్కుచుండిరి; 1830లో కాశీయాత్రకు వెడలిన ఏనుగుల వీరాస్వామయ్యయు నాగలూటి త్రోవనే శ్రీశైలమును దర్శించెను. ఆ త్రోవకు అడవియే కష్టము, నది అడ్డము కాదు. ఉత్తరపు గట్టునుండి వచ్చువారికో, అడవినంతటిని దాటినపిమ్మట, శిఖరము కన్నులకు కనబడుచుండగానే, కృష్ణ అడ్డుపడుచుండెను.

పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైల క్షేత్రమునుండి పాతాళగంగకు, అనగా కొండ అడుగున కృష్ణ రేవునకు, సోపానములు కట్టించెను. రాజులు నీటి అంచువరకు రాతిమెట్లు వేసి, నీటిమీది త్రోవను పుట్టి నడుపువానికి విడిచిరి. వెదురుబద్దలను గుండ్రముగా అల్లి, పైకి తోలు బిగించిన గంపవంటి ఆ పడవకు ముందు వెనుకలు లేవు. తెడ్డు వేయుటలో నేర్పు తప్పినచో ఉన్నచోటనే గిరగిర తిరుగును. మహాశివరాత్రి మాఘమాసాంతమున, ఏరు తగ్గియుండు దినములలో వచ్చుట యాత్రికునికి ఎంతటి మేలో, వానకాలపు కృష్ణను చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

నదిని దాటు త్రోవ మారినది ఆనకట్టతోనే. 1963 జూలై 24న జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలపు ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. నాటినుండి ఇరువది యేండ్లకు దగ్గరగా సాగిన ఆ మహానిర్మాణముకొరకు దేశపు నలుమూలల కూలీలు, మేస్త్రీలు, ఇంజనీర్లు వచ్చి చేరగా, చెంచుల సున్నిపెంట క్వార్టర్ల వరుసలతో పట్టణమాయెను. రహదారులును వంతెనయు ఆ పనుల వెంటనే వచ్చినవి. యంత్రసామగ్రికై వేసిన దారి శతాబ్దములుగా యాత్రికుడు కోరుకొన్న దారి యగుట నన్ను ఎప్పుడును కదలించు విషయము. కాని ఆ మేలునకు వెల చెల్లించినవారు వేరు: ఎగువన వందకు పైగా గ్రామములు మునిగినవి, నివృత్తి సంగమమున సంగమేశ్వరాలయము ఏటేట నెలల తరబడి నీటిక్రిందనే యుండును, పాతాళగంగ పాతమెట్లలో అడుగువరుసలు జలాశయగర్భమున చేరినవి. పని ముగిసినకొలది జనము తరలిపోగా, క్వార్టర్లలో అనేకము పాడుపడినవి. ఆనకట్ట కట్టిన చేతుల పేర్లు ఏ శిలాఫలకముమీదను నా కంటబడకపోవుట నాకు బాధాకరము.

వంతెనమీద నిలిచి ఎగువకు చూచినచో 12 గేట్ల ఆనకట్ట ఆకాశమునకు అడ్డముగ నిలిచియుండును. 2009 అక్టోబరు వరదలో 885 అడుగుల పూర్తిమట్టమును దాటి జలాశయము 896 అడుగులకు చేరినప్పుడు, ఈ గోడ నిలుచునా యని దిగువనున్నవారందరును ఊపిరి బిగబట్టిరి. 2014నుండి వంతెనకు ఆ కొన తెలంగాణము, ఈ కొన ఆంధ్రప్రదేశము.

నిన్నటి ఉదయమున, గేట్లు మూసియుండగా, వంతెన క్రింద ఒక పుట్టి కనబడెను. తోలునకు మారుగా ఇప్పుడు దానికి తారు పూసిన పట్టా. అందులో మోకాళ్లపై కూర్చున్న జాలరి ఒక చేత వల లాగుచు, మఱొకచేత పొట్టి తెడ్డును ముందువైపున నీటిలో అటునిటు త్రిప్పుచుండగా, అది తిరుగక, తడబడక, ఆవలిగట్టునకు నేరుగా సాగిపోవుచుండెను. నేను ఈగలపెంట కొననంటి వెనుదిరిగి వచ్చునప్పటికి వాడు ఇంకను నడియేటనే యుండెను.