పరదేశ వాద్యబృందమును ఎట్టయాపురపు తెలుగు గ్రంథమును

ఒక దేశపు స్వరకర్త మరియొక దేశపు వాద్యబృందముతో కలిసి సభ జరుపుట నేటి కాలమున తరచుగా వినవచ్చు వార్త. చీనా దేశపు సంప్రదాయ వాద్యములతో ఏర్పడిన పెద్ద బృందములు హాంగుకాంగునందు 1977 నుండియు, సింగపురమునందు 1990ల దశకము నుండియు వృత్తిసంస్థలుగా నడచుచు, సమకాలిక స్వరకర్తలచేత క్రొత్త రచనలు చేయించుచున్నవి. రెండు తంత్రులు గల ఎర్హూ, మీటి వాయించు పీపా, వెదురు గొట్టములను గుత్తిగా కూర్చిన షెంగ్, పిల్లనగ్రోవి జాతికి చెందిన డీజీ మున్నగు ప్రాచీన వాద్యములు అందు పదుల సంఖ్యలో ఒక్కటిగా మ్రోగును. ఇట్టి సభ జరిగినపుడెల్ల రసికుల మనస్సున ఒక ప్రశ్న కలుగకపోదు. రెండు సంగీతములు కలిసినపుడు మారునది ఏది? నిలుచునది ఏది?

దక్షిణదేశపు తెలుగువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రెండు వందల ఏండ్లకు పూర్వమే అది చెన్నపట్టణపు కోటలో పుట్టి, మధుర మీదుగా సాగి, ఎట్టయాపురమను తెలుగు పాళెమున ఒక మహాగ్రంథ రూపమున సమాధానము పొందినది. మేలూరు, మధుర, కోయంబత్తూరు ప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములవారు తమ వారసత్వముగా ఎరిగి యుండవలసిన కథ ఇది.

మణలి సంస్థానము, కోట బ్యాండు

రామస్వామి దీక్షితులు (1735–1817) గొప్ప లక్ష్యలక్షణవేత్త. హంసధ్వని రాగమును వెలయించినవారు. నూట యెనిమిది రాగతాళములతో తెలుగున రాగమాలికను కూర్చినవారు. ఈయనను చెన్నపట్టణమునకు చేరువనున్న మణలి ప్రభువు ముద్దుకృష్ణ మొదలియారు సకుటుంబముగా ఆదరించి తన యొద్ద నుంచుకొనెను. ఆయన తరువాత కుమారుడు వేంకటకృష్ణ మొదలియారు ఆ ఆదరణమును కొనసాగించెను. ఈ మొదలియార్లు ఈస్టిండియా కంపెనీ వారితో వ్యవహారసంబంధము గలవారగుటచే, దీక్షితుల కుమారులకు కోటలోని ఇంగ్లీషు బ్యాండు వినుట తటస్థించెను.

ఆ కుమారులు మువ్వురు: ముత్తుస్వామి, చిన్నస్వామి, బాలుస్వామి. మువ్వురును ఆ బ్యాండును వినినవారే. కాని వినిన దానిని ఒక్కొక్కరు ఒక్కొక్క రీతిగా గ్రహించిరి. ముత్తుస్వామి దీక్షితులు స్వరమును గ్రహించిరి. బాలుస్వామి దీక్షితులు వాద్యమును గ్రహించిరి. మూడవది యగు వ్రాతపద్ధతి ఆ వంశమున తరువాతి తరమువారి పాలైనది.

నొట్టుస్వర సాహిత్యములు

ముత్తుస్వామి దీక్షితులు కాశీవాసము చేసివచ్చినవారు, హిందుస్థానీ రాగములను ఎరిగినవారు, వీణావాదనమున నిష్ణాతులు. వారి కృతులు విళంబకాలమున గమకభరితములై నడచును. అట్టివారు బ్యాండు వాయించు సరళమైన వరుసలకు సంస్కృతమున సాహిత్యము కూర్చిరి. "నోటు" అను ఇంగ్లీషు మాటయే ఇచట "నొట్టు" అయ్యెను. ఇవి సుమారు నలుబది కలవు. అన్నియు శంకరాభరణ మేళస్వరములలోనే సాగును, గమకములు లేవు, నడక ఏకతాళమున తిశ్రముగనో చతురశ్రముగనో యుండును. బాలురకు సంగీతారంభమున నేర్పుటకు మిక్కిలి అనువైనవి.

వీనిలో కొన్నింటి మూలములు గుర్తింపబడినవి. "వందే మీనాక్షి" అనునది ఐర్లండు దేశపు నాట్యపు వరుస. "జగదీశ గురుగుహ" అనునది స్కాట్లండు వారి నాట్యస్వరము. "సంతతం పాహి మాం" అనునది ఇంగ్లీషువారు తమ రాజును దేవుడు రక్షించుగాక యని పాడు గీతపు వరుస. ఇచట దీక్షితుల మార్గము గమనింపదగినది. రాజు క్షేమమును కోరు వరుసను వారు సంగీతశ్యామలను రక్షింపుమని వేడు స్తోత్రముగా మార్చిరి. స్వరము ఒక్కటియు చెదరలేదు. కాని పాట ఎవరికి చెందినదో అది మాత్రము పూర్తిగా మారిపోయినది. ఏలికల వాద్యమును వారు ద్వేషింపలేదు, ఏలికలను పొగడను లేదు. తమ దేవతకు పూలమాల వేయునపుడు పరుల తోటలో పూచిన పూవును సయితము కోసి తెచ్చిరి.

అయినను ఒక విషయము మరువరాదు. ఈ నొట్టుస్వరముల ప్రభావము దీక్షితుల పెద్ద కృతులపై పడలేదు. వారు బ్యాండు వరుసను బ్యాండు వరుసగనే యుంచిరి; రాగమును రాగముగనే యుంచిరి. రెండును ఒకే హస్తమునుండి వెలువడినవి, కాని ఒకదానిలో ఒకటి కరగలేదు. ఇది మొదటి సమాధానము.

ఫిడేలు రూపాంతరము

బాలుస్వామి దీక్షితుల మార్గము వేరు. మణలి ప్రభువు ఒక ఇంగ్లీషు వాద్యకుని నియమించి వారికి మూడేండ్లపాటు ఫిడేలు నేర్పించెనని సుబ్బరామ దీక్షితులు తమ వాగ్గేయకార చరిత్రమున వ్రాసినారు. బాలుస్వామి వారు ఆ వాద్యమును కర్ణాటక సంగీతమునకు అలవరచిరి.

ఆ వాద్యము ఇచట పొందిన మార్పు సామాన్యమైనది కాదు. పాశ్చాత్యుడు నిలుచుండియో కుర్చీలో కూర్చుండియో దానిని గడ్డము క్రింద ఇమిడ్చి పట్టును. దక్షిణాత్యుడు నేలపై కూర్చుండి, దాని తలను చాచిన పాదముపై ఆనించి, చేతిని స్వేచ్ఛగా జార్చుకొనును. పాశ్చాత్యుని తంత్రులు నాలుగును పంచమాంతరముతో ఒకదానిపై నొకటి పోవును. ఇచట అవి షడ్జపంచమములుగా జతజతగా శ్రుతి చేయబడును. చెక్కలో ఏ మార్పును లేదు. ఆసనము, శ్రుతి, వ్రేళ్ల నడక మారినవి. ఆ మార్పుచే పరదేశపు వాద్యము గాత్రమును నీడవలె అనుసరింపగలిగెను.

ముత్తుస్వామి దీక్షితుల శిష్యుడును, తంజావూరు సోదరచతుష్టయములో ఒకడును అగు వడివేలునకు తిరువాన్కూరు ప్రభువు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు ఫిడేలును బహూకరించెను. అనగా ఒక్క తరములోనే ఆ వాద్యము సంస్థానముల గౌరవమునకు పాత్రమైనదన్నమాట. తరువాతి కాలమున విజయనగరపు సంగీత కళాశాలలో ద్వారం వేంకటస్వామి నాయుడుగారు (1893–1964) దానిని ఏకవాద్య సభలకు తగిన స్థాయికి తెచ్చిరి. నేడు ఫిడేలు లేని కర్ణాటక కచ్చేరి అరుదు. ఇది రెండవ సమాధానము: వాద్యము పరులది, వాణి మనది.

మధుర నుండి ఎట్టయాపురమునకు

తండ్రి గతించిన పిమ్మట చిన్నస్వామి, బాలుస్వామి దీక్షితులు మధురకు చేరిరి. మధుర అప్పటికి కంపెనీ వారి యేలుబడిలో నున్నను, నాయకరాజుల నాటి తెలుగు వాసన అచట ఇంకను చల్లారలేదు. విశ్వనాథ నాయకుని కాలమున ఏర్పడిన పాళెముల వ్యవస్థ, తిరుమల నాయకుని కట్టడములు, విజయరంగ చొక్కనాథుడు తెలుగున రచించిన వచన మాహాత్మ్యములు ఆ మండలమున తెలుగు నిలిచిన తీరునకు సాక్ష్యములు.

చిన్నస్వామి దీక్షితులు 1823లో మధురయందే దివంగతులైరి. బాలుస్వామి దీక్షితులను ఎట్టయాపురపు ప్రభువు ఆదరించి తన సంస్థాన విద్వాంసునిగా చేసికొనెను. ఎట్టయాపురపు ప్రభువులు రాజకంబళమువారు; ఇంట తెలుగు మాటలాడువారు. తమ పూర్వులు చంద్రగిరి ప్రాంతమునుండి దక్షిణమునకు వచ్చిరని వారి వంశకథలు చెప్పును. తమ్ములను వెదకుచు మధురకు వచ్చిన ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయాపురమునకు పయనమై పోవుచుండగా, సాత్తూరు చెంత ఎండి బీటలువారిన పొలములను చూచి అమృతవర్షిణి రాగమున పాడి వాన కురిపించిరని ఐతిహ్యము. కొంత కాలమునకు, 1835లో నరకచతుర్దశినాడు, వారు ఎట్టయాపురముననే దేహము చాలించిరి. వారి సమాధి నేటికిని అచట నున్నది.

సంగీత సంప్రదాయ ప్రదర్శిని

బాలుస్వామి దీక్షితులు తమ దౌహిత్రుని దత్తు చేసికొనిరి. ఆయనయే సుబ్బరామ దీక్షితులు (1839–1906). ఆ కాలమున చెన్నపట్టణమున ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారు అను విద్వాంసుడు కలడు. మతమున క్రైస్తవుడు, పాశ్చాత్య, కర్ణాటక సంగీతములు రెండును ఎరిగినవాడు. కృతులు నోటిపాఠముగనే యుండి నశించిపోవుచున్నవని చింతించి, ఐదు గీతల ఐరోపా స్వరలిపిలో వానిని అచ్చొత్తింప 1890ల దశకమున పూనుకొనెను. వాలాజాపేట శిష్యపరంపరనుండి త్యాగరాజకృతులను, సుబ్బరామ దీక్షితులనుండి ముత్తుస్వామి దీక్షితుల కృతులను సేకరించెను. కాని ఆ ప్రచురణము సంపూర్ణము కాకమునుపే నిలిచిపోయెను.

స్వరమును కాగితముపై నిలుపవలెనను ఆశ పశ్చిమమునుండి వచ్చినది. ఆ పని మాత్రము తెలుగు లిపిలో నెరవేరినది. మొదలియారు ప్రోద్బలముచేతను, ఎట్టయాపుర ప్రభువు పోషణముచేతను సుబ్బరామ దీక్షితులు "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"ని రచింపగా, 1904లో అది ఎట్టయాపురపు విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చయ్యెను. డెబ్బదిరెండు మేళములు, వాని జన్యములు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా, పూర్వుల గీతములు, తానములు, వర్ణములు, వాగ్గేయకారుల చరిత్రములు ఇందు కలవు.

ఐరోపా స్వరలిపి స్వరస్థానమును చూపును. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు సాగు ఊగును, జారును, నొక్కును చూపజాలదు. కర్ణాటక రాగమునకు ప్రాణము అచటనే కలదు. కావున సుబ్బరామ దీక్షితులు సరిగమల మీద గమకచిహ్నములను ఏర్పరచిరి. కంపితము, స్ఫురితము వంటి సంస్కృతపు పేర్ల సరసనే నొక్కు, ఏట్రజారు, ఇరక్కజారు, ఒదుక్కల్, ఓరికై అను వ్యవహారనామములును అందు నిలిచినవి. ఎక్కుట, దిగుట అను అర్థములు గల అరవ మాటలు తెలుగు అక్షరములలో కూర్చుండి సంస్కృతకృతులకు గుర్తులైనవి. దక్షిణదేశపు సంగీతము ఎన్ని భాషల కలయికయో తెలుపుటకు ఇంతకు మించిన నిదర్శనము కావలెనా?

తెలుగు లిపినే యేల గ్రహించిరి? విద్వాంసులలో అత్యధికులకు తెలుగు పాటల భాషగా పరిచితము. పైగా క, ఖ, గ, ఘలను వేరువేరుగా చూపగల తెలుగు లిపిలో దీక్షితుల సంస్కృతపదములు చెడక నిలుచును. ఇది మూడవ సమాధానము: పరుల ఉపాయమును గ్రహించి, తమ అవసరమునకు తగినట్లు పునర్నిర్మించుట.

ఉపసంహారము

ఇచట చీనా వాద్యబృందపు చరిత్ర మరల స్మరణకు వచ్చును. ఆ పెద్ద బృందము ప్రాచీనమైనది కాదు. 1920ల దశకమున షాంఘైనందు మొదలైన ప్రయత్నములు 1950ల దశకమున పెద్ద బృందములుగా స్థిరపడినవి. పాశ్చాత్య వాద్యబృందపు కూర్పును చూచి వారు తమ వాద్యములను వరుసలుగా అమర్చుకొనిరి. మంద్రస్వరములకు తగిన వాద్యము లేకపోగా గెహూ అను క్రొత్త తంత్రీవాద్యమును నిర్మించిరి. పీపా మెట్లను సైతము పండ్రెండు సమభాగముల శ్రుతికి మార్చుకొనిరి. వారు వాద్యములను తమవిగా నుంచుకొని కూర్పును పశ్చిమమునుండి తెచ్చుకొనిరి. దీక్షితుల కుటుంబమువారు వాద్యమును పశ్చిమమునుండి తెచ్చుకొని రాగమును తమదిగా నుంచుకొనిరి. ఏది మేలని తీర్పు చెప్పుట కాదు; ప్రతి జాతియు తనకు ప్రాణప్రదమైన దానిని ఎచట గుర్తించునో ఈ పోలిక తెలుపును.

ఎట్టయాపురమనగానే 1882లో అచట జన్మించిన సుబ్రహ్మణ్య భారతి లోకమునకు స్ఫురించును, అది న్యాయమే. కాని అదే యూరిలో అచ్చయిన తెలుగు గ్రంథము తెలుగువారికి స్ఫురింపకున్న లోపము ఎవరిది? మదరాసు సంగీత అకాడమీవారు 1961 మొదలుగా దానిని అరవలిపిలో వెలయించి గొప్ప మేలు చేసిరి. మధుర మండలపు తెలుగు ఇండ్లలో ఆ గ్రంథమును చదువగోరువారు పలువురు ఆ అరవ ప్రతినే ఆశ్రయింపవలసియున్నది. ఇంట మాట నిలిచినను కంటికి అక్షరము దూరమైనది. పరదేశపు బ్యాండును విని బెదరక దానిని తమదిగా మార్చుకొన్నవారి సంతతికి, తమ అక్షరమే పరాయిది కారాదు. మేలూరు మొదలు ఎట్టయాపురము వరకు గల తెలుగు కుటుంబములందు ఒక్కొక్క బాలుడైనను, బాలికయైనను ఆ 1904 నాటి పుటను తెలుగున చదివి ఒక్క నొట్టుస్వరమును పాడగలిగిననాడు, ఈ కథ గతించిన చరిత్ర కాక నడచుచున్న సంప్రదాయ మగును.