669 డాలర్ల చిప్‌ను అందుకున్న 149 డాలర్ల సెలెరాన్

1998 ఆగస్టు 24న ఇంటెల్ కంపెనీ ఒకే రోజు రెండు తరగతుల ప్రాసెసర్లను మార్కెట్లోకి వదిలింది. ఒకటి 450 మెగాహెర్ట్జ్ పెంటియం-2. వెయ్యేసి చొప్పున కొనే వ్యాపారులకు ఒక్కోటి 669 డాలర్లు. రెండోది 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్, పేరు చివర ‘ఎ’ అనే అక్షరం. దాని ధర 149 డాలర్లు. డబ్బున్నవాళ్లకు అది, లేనివాళ్లకు ఇది అని కంపెనీ వేసుకున్న లెక్క ఎంతో కాలం నిలవలేదు. 149 డాలర్ల చిప్ కొన్న కుర్రాళ్లు ‘క్వేక్-2’ ఆటలో 669 డాలర్ల చిప్‌కు దీటైన వేగం రాబట్టారు. తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ కంప్యూటర్ కట్టుకునే విద్యకు పుట్టినరోజంటూ ఉంటే నా లెక్కలో అది ఇదే.

అంతకు నాలుగు నెలల ముందు పరిస్థితి పూర్తిగా వేరు. వెయ్యి డాలర్ల లోపు కంప్యూటర్లు అమెరికాలో జోరుగా అమ్ముడవుతున్న రోజులవి. ఆ మార్కెట్లో ఏఎండీ, సిరిక్స్ చిప్‌లు పాగా వేస్తుంటే ఇంటెల్ కంగారుపడింది. పెంటియం-2లోంచి ఎల్-2 క్యాష్‌ను పూర్తిగా తీసేసి, ఏప్రిల్‌లో ‘సెలెరాన్’ అని పేరు పెట్టి 266 మెగాహెర్ట్జ్ చిప్‌ను తెచ్చింది. పొయ్యి పక్కనున్న పోపుల డబ్బా లాంటిది క్యాష్. అది లేకపోతే ప్రతి పోపుకీ సామాన్ల గదికి పరుగెత్తాలి. క్యాష్ లేని ప్రాసెసర్ కూడా కావలసిన ప్రతి అంకె కోసం దూరాన ఉన్న ర్యామ్ దాకా వెళ్లి, అది వచ్చేదాకా పనిలేకుండా నిలబడాలి. పత్రికలు ఆ చిప్‌ను ఉతికి ఆరేశాయి.

తప్పు దిద్దుకోవడానికి ఇంటెల్ ఇంజినీర్లు చేసిన పనే 300ఎ. దీనికి 128 కిలోబైట్ల క్యాష్ ఇచ్చారు. పెంటియం-2కు ఉన్నది 512 కిలోబైట్లు. అంకెలు చూస్తే నాలుగో వంతే. కానీ పెంటియం-2 క్యాష్ ప్రాసెసర్ పక్కన విడి చిప్‌లలో ఉండి, ప్రాసెసర్ వేగంలో సగంతోనే పనిచేసేది. సెలెరాన్ క్యాష్ అదే సిలికాన్ ముక్కలో కలిసిపోయి, పూర్తి వేగంతో నడిచేది. అందుకే పెంటియం-2 ప్రాసెసర్ ముక్కలో 75 లక్షల ట్రాన్సిస్టర్లుంటే ఈ చవక చిప్‌లో కోటీ 90 లక్షలు ఉండేవి. పేదవాడి చిప్‌లోనే పనితనం ఎక్కువ!

అయితే వేగం 300 దగ్గరే ఎందుకు ఆగింది? ప్రాసెసర్ వేగం ఒక గుణకారం. మదర్‌బోర్డు మీది బస్ వేగాన్ని చిప్‌లోని మల్టిప్లయర్‌తో హెచ్చవేయాలి. 300ఎ మల్టిప్లయర్ నాలుగున్నర, బస్ 66 మెగాహెర్ట్జ్. హెచ్చవేస్తే 300. తక్కువ వేగం చిప్ మీద ఎక్కువ వేగం ముద్ర కొట్టి అమ్మే దొంగ వ్యాపారులకు భయపడి మల్టిప్లయర్‌కు ఇంటెల్ అప్పటికే తాళం వేసింది. బస్‌కు మాత్రం వేయలేదు. పైగా ఆ ఏడాదే ఇంటెల్ సొంత 440బీఎక్స్ చిప్‌సెట్‌తో 100 మెగాహెర్ట్జ్ బస్ ఉన్న బోర్డులు వచ్చాయి. నాలుగున్నరను వందతో హెచ్చవేస్తే 450. ఖరీదైన చిప్ వేగమూ సరిగ్గా అదే.

ఇక్కడ మరో వెసులుబాటు కూడా కలిసొచ్చింది. బస్‌ను 75కో 83కో పెంచితే, దాన్ని సగం చేసుకుని నడిచే పీసీఐ కార్డులు తమ 33 మెగాహెర్ట్జ్ హద్దు దాటేవి. హార్డ్‌డిస్కులోని సమాచారం చెడిపోయే ప్రమాదం ఉండేది. 100 దగ్గర బోర్డు మూడో వంతు తీసుకుంటుంది కనుక పీసీఐ మళ్లీ 33కే వచ్చి కుదురుకునేది. కొద్దికొద్దిగా పెంచడం కంటే ఒక్కసారిగా సగానికి సగం పెంచడమే క్షేమం. చిప్ వేగాన్ని ఇలా హద్దు దాటించే ఓవర్‌క్లాకింగ్ ఇంత చక్కగా కుదరడం ఆ తర్వాత అరుదు.

అబిట్ కంపెనీ బీహెచ్6 బోర్డులో అయితే జంపర్లు కదపనక్కర్లేదు. బయాస్ మెనూలో 100 ఎంచుకుంటే చాలు. ఆ సదుపాయం లేని బోర్డులవాళ్లు ఇంకో కిటుకు పట్టారు. ఆ సెలెరాన్ ప్లాస్టిక్ తొడుగు లేని పలక మీద వచ్చేది. పలక అంచున వరుసగా పూతపూసిన పిన్నులు. వాటిలో ‘బి21’ అనే ఒక్క పిన్నును సన్నటి టేపు ముక్కతో కప్పేస్తే, ఇది 100 మెగాహెర్ట్జ్ చిప్ అని బోర్డు అనుకునేది. అన్ని చిప్‌లూ 450కి నిలబడలేదు. కొన్నిటికి వోల్టేజీ కాస్త పెంచాల్సి వచ్చేది. కానీ నిలబడినవే ఎక్కువ.

ఆ రోజుల్లో ప్రాసెసర్ వేగం ఆటకు ప్రాణం. ఊడూ-2 వంటి గ్రాఫిక్స్ కార్డు బొమ్మకు రంగు, మెరుపు అద్దేది. గోడ మూల తెర మీద ఎక్కడ పడాలి, వెలుగు ఎటు నుంచి రావాలి అనే లెక్కంతా ప్రాసెసర్‌దే. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256 వచ్చాకే మామూలు జనం కొనే కార్డులు ఆ బరువును తలకెత్తుకున్నాయి.

తర్వాత ఇలాంటి కథలు ఇంకా నడిచాయి. 2000లో ఏఎండీ డ్యురాన్ చిప్ మీద తెగిన బ్రిడ్జిలను మామూలు పెన్సిల్ గీతతో కలిపి మల్టిప్లయర్ తాళం తీశారు. అయితే ప్రతి చవక చిప్పూ సెలెరాన్ కాదు. 2014లో ఇంటెల్ 72 డాలర్లకు పెంటియం జీ3258 ఇచ్చింది. తాళమే లేదు, వేగం ఎంతైనా పెంచుకోమంది. ఉన్నవి మాత్రం రెండు కోర్లు, రెండు థ్రెడ్లు. అదే ఏడాది నవంబరులో వచ్చిన ‘ఫార్ క్రై 4’కు నాలుగు థ్రెడ్లు కావాలి. ఎంత వేగానికి ఎక్కించినా ఈ చిప్ మీద తెర నల్లగా ఉండిపోయింది. 2017లో రెండు కోర్లకు నాలుగు థ్రెడ్లతో 64 డాలర్ల పెంటియం జీ4560 రావడంతో ఆ కొరత కొంత తీరింది.

కాబట్టి చవక చిప్ కొనేటప్పుడు ధరకంటే ముందు చూడాల్సింది, కంపెనీ అందులోంచి ఏం కోసేసిందన్నది. ఇంటెల్ ఐ3-12100ఎఫ్‌లో ‘ఎఫ్’ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. ఎలాగూ కార్డు కొనేవారికి ఆ కోత నష్టం కాదు, లాభమే. క్యాష్‌లో కోత అలా కాదు. ఏఎండీ రైజెన్ 5 5600, 5600జీ రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. బేస్ వేగం 5600కు 3.5 గిగాహెర్ట్జ్, 5600జీకి 3.9. ఆ అంకె ఒక్కటే చూసేవారు రెండోదానివైపే మొగ్గుతారు. అయితే ఎల్-3 క్యాష్ మొదటిదానికి 32 మెగాబైట్లు, రెండోదానికి 16. సెలెరాన్ నాటి ఆ పాత కథే మళ్లీ.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోబోయే విద్యార్థులకు నేను చెప్పేది ఇదే. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే విడిగా కొంటుంటే 5600 తీసుకోండి. కార్డుకు డబ్బులు కూడబెట్టుకునేదాకా లోపలి గ్రాఫిక్స్‌తోనే నెట్టుకురావాలంటే 5600జీ తీసుకోండి. కౌంటర్లో ఎవరైనా గిగాహెర్ట్జ్ ఒక్కటే చూపిస్తే, క్యాష్ ఎంతో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.