గుత్తికొండ బిలంలోకి వెళ్లిన మంత్రి

పలనాటి యుద్ధంలో ఎవరు ఎలా పోయారో పలనాట్లో ఎవరిని అడిగినా చెబుతారు. రాయబారం వెళ్లిన అలరాజు చర్లగుడిపాడు దగ్గర విషానికి బలయ్యాడు. బాలచంద్రుడు కారెంపూడి రణంలో ఒరిగాడు. ఆ యుద్ధం పేరు చెప్పి అరవై ఆరుగురు వీరనాయకులకు నేటికీ పూజలు జరుగుతున్నాయి. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ గొంతు తగ్గిస్తుంది. మొదటి నుంచి చివరిదాకా అన్నీ తన చేతుల మీదుగా నడిపించిన మంత్రి బ్రహ్మనాయుడు ఏమయ్యాడు? "గుత్తికొండ బిలంలోకి పోయాడు" అంటారు. ఆ తర్వాత? "తర్వాతేముంది, మళ్లీ రాలేదు."

గుత్తికొండ పిడుగురాళ్ల మండలంలోని ఊరు. ఊరికి దగ్గరలో కొండ, కొండలో బిలం. లోపల చీకట్లో శివుడున్నాడు. ఆయన్ని చీకటి మల్లయ్య అంటారు. ఇంకా లోపలికి పోతే నీళ్లు. తొలి ఏకాదశికి జనం వచ్చి ఆ నీళ్లలో స్నానాలు చేస్తారు. ఇక్కడ నూటొక్క బిలాలున్నాయని, ఒక దారి శ్రీశైలానికీ మరొకటి కాశీకీ పోతుందని చెప్పుకుంటారు. కాశీకి దారి లేని గుహ మన దేశంలో ఎక్కడైనా ఉందేమో వెతకాలి!

బ్రహ్మనాయుడి కథ క్లుప్తంగా. తండ్రి దొడ్డనాయుడు పలనాటి ప్రభువు అనుగురాజుకు మంత్రి. తండ్రి తర్వాత ఆ పదవిలోకి బ్రహ్మన్న వచ్చాడు. అనుగురాజు పోయాక పెద్ద కొడుకు నలగామరాజు గురజాల నుంచి ఏలాడు. అక్కడ నాయకురాలు నాగమ్మ మాట చెల్లడం మొదలైంది. రాజ్యం రెండు ముక్కలైంది. నలగామరాజు సవతి తమ్ముళ్లు మలిదేవాదులను వెంటబెట్టుకుని బ్రహ్మన్న మాచర్ల చేరాడు. అక్కడ చెన్నకేశవుడి సాక్షిగా చాపకూడు పెట్టించాడు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తినడం ఇప్పుడు వినడానికి తేలిక. పన్నెండో శతాబ్దంలో ఒక మంత్రి అధికారంలో ఉండి చేసిన పని అది. మాల కులస్థుడు కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనలో పెద్ద స్థానం ఇచ్చాడు. తర్వాత కోడిపందెం, ఓడి ఏడేళ్ల వలస, అలరాజు రాయబారం, చివరికి నాగులేటి ఒడ్డున కారెంపూడి యుద్ధం. చరిత్రకారులు ఈ యుద్ధాన్ని 1176 - 1182 మధ్య పెడతారు.

ఆ యుద్ధంలో బ్రహ్మన్న కొడుకు బాలచంద్రుడు పోయాడు, తాను నిలబెట్టిన రాజకుమారులు పోయారు, మాచర్ల పక్షం తుడిచిపెట్టుకుపోయింది. గురజాల పక్షం గెలిచినా మిగిలింది కొద్దిమందే. మిగిలినవాడు నలగామరాజు. రాజ్యం అతనికే అప్పగించి బ్రహ్మన్న బిలం దారి పట్టాడని కథ.

ఈ కథ మనదాకా ఎలా వచ్చిందో చూస్తే కొంత చిక్కుముడి విడుతుంది. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద 'పల్నాటి వీరచరిత్ర' యుద్ధం జరిగిన రెండు వందల ఏళ్లకు పైబడ్డాక వచ్చినది. అందులో మనకు మిగిలింది ప్రధానంగా బాలచంద్రుడి యుద్ధభాగం. అది శ్రీనాథుడిదేనా అన్న వాదం కూడా తెగలేదు. అక్కిరాజు ఉమాకాంతం దాన్ని పరిష్కరించి 1911లో అచ్చు వేయించాడు. కథ మొత్తాన్ని మోసుకొచ్చింది మాత్రం పాడేవాళ్లు, అంటే వీరవిద్యావంతులు. వాళ్లలో ఒకరైన అలిశెట్టి గాలెయ్య పాడగా విని రాసుకున్న జీన్ రోఘేర్ అనే అమెరికన్ 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం తెచ్చాడు. అందువల్ల బ్రహ్మన్న అదృశ్యానికి మొదటి సాక్షులు పాటగాళ్లే. సాక్షి ఎవరి పక్షమో తెలుసుకోకుండా సాక్ష్యం తూచలేం. వీళ్లు మనసారా బ్రహ్మన్న పక్షం.

వాళ్లు చెప్పే జవాబు సూటిగా ఉంటుంది. బ్రహ్మన్న విష్ణువు అంశ, వచ్చిన పని అయిపోయింది, వెళ్లిపోయాడు. భక్తుడికి ఇంతకన్నా అక్కర్లేదు. అక్కడ ఆగనివాళ్లు శతాబ్దాలుగా రకరకాల ఊహలు చేశారు.

ఆయన కూడా రణంలోనే పడిపోయాడన్నది అన్నిటికన్నా మామూలు ఊహ. వేలమంది పడిపోయిన చోట ఒక ముసలి మంత్రి శవాన్ని గుర్తుపట్టడం ఎవరి తరం? అవతారపురుషుడు కత్తివేటుకు పోయాడని పాడలేక పాటగాళ్లు బిలం చూపించారని అనుకోవచ్చు. ఇందులో తర్కం ఉంది. కాని కారెంపూడి వీర్ల గుడిలో పడిపోయినవాళ్లకు పూజ దక్కింది, రాళ్లు నిలిచాయి. ఆ నేల మీద యుద్ధంలో చావడం పరువు తక్కువ పని కాదు, అదే పెద్ద పరువు. కన్నకొడుకు చావునే అంత వైభవంగా పాడినవాళ్లు తండ్రి చావును దాచాల్సిన పనేముంది?

గెలిచినవాళ్లు గుట్టుగా చంపించారేమో అనే అనుమానం రాజకీయం తెలిసిన ఎవరికైనా వస్తుంది. ఓడిన పక్షం మంత్రి, అదీ జనం దేవుడిగా కొలిచే మంత్రి, ప్రాణాలతో తిరుగుతుంటే గురజాల సింహాసనానికి నిద్ర పడుతుందా? నాకైతే ఇది నిలబడే ఊహలా కనిపించదు. నాగమ్మ మీద వేయని నింద లేదు ఆ పాటల్లో. అలరాజుకు విషం పెట్టించిన నేరం కూడా ఆమె నెత్తినే వేశారు. బ్రహ్మన్నను చంపించారన్న గుసగుస ఏ మూలనైనా పుట్టి ఉంటే అన్నిటికన్నా ముందు దాన్నే గొంతెత్తి పాడేవాళ్లు. పగవాళ్లను ఇంతగా ద్వేషించినవాళ్లు ఆ ఒక్క నేరం వదిలిపెట్టారంటే, వదలడానికి అక్కడ ఏమీ లేదనే అర్థం.

ఇంకొకటి, ఎటో తప్పుకుని వేరే పేరుతో బతికాడని. బ్రహ్మన్న ఇంటిపేరు రేచర్ల. పద్నాలుగో శతాబ్దంలో రాచకొండ, దేవరకొండ ఏలినవాళ్లూ రేచర్లవాళ్లే. ఈ రెంటినీ కలిపి వంశవృక్షాలు గీసుకునే ఉత్సాహం చాలామందికి ఉంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన మనిషి దొరికినట్టు కాదు.

మిగిలింది వైరాగ్యం. కొడుకు పోయాడు, పెంచినవాళ్లు పోయారు, తాను వద్దనుకున్న యుద్ధం తన పేరు మీదే ముగిసింది. అలాంటి వయసుమళ్లిన మనిషి కొండల్లోకి వెళ్లి తపసు చేసుకుంటూ తనువు చాలించడం మన దేశంలో వింత కాదు. ఆయన ఆయుధం నృసింహకుంతానికి పూజ నేటికీ కారెంపూడిలోనే జరుగుతుంది. అంటే ఆయుధం వదిలిపెట్టి వెళ్లాడనే జనం జ్ఞాపకం. పారిపోయేవాడు ముందు ఆయుధమే పట్టుకుంటాడు.

నన్ను ఈ ఊహవైపు మొగ్గేలా చేసేది ఇంకో సంగతి. పలనాటి వైరంలో వైష్ణవం ఒకవైపు, శైవం ఒకవైపు నిలిచాయని చెబుతారు. నాగమ్మ శివభక్తురాలు, బ్రహ్మన్న బతుకంతా మాచర్ల చెన్నకేశవుడి చుట్టూ తిరిగింది. పాటగాళ్లు ఊరికే ముగింపు అల్లదలుచుకుంటే ఎక్కడికి పంపేవారు? ఆండాళ్ శ్రీరంగనాథుడిలో కలిసిపోయినట్టు బ్రహ్మన్నను చెన్నకేశవుడి గర్భగుడిలోకి నడిపించి తలుపులు వేసేవారు. అంత అందమైన ముగింపు చేతికి అందేంత దూరంలో ఉండగా, దాన్ని వదిలి మల్లయ్య ఉన్న చీకటి గుహలోకి పంపారు. కల్పనకు సరిపడని వివరం ఇది. సరిపడని వివరాలే చాలాసార్లు నిజంగా జరిగిన దాని ఆనవాళ్లు.

అయితే ఎదుటివాదం కూడా గట్టిదే. గుత్తికొండ స్థలపురాణం ప్రకారం ముచికుందుడు నిద్రపోయింది ఈ బిలంలోనే. భాగవతం దశమస్కంధంలోని కథ అది. కాలయవనుడు తరుముకొస్తే కృష్ణుడు పారిపోతున్నట్టు నటిస్తూ గుహలోకి దూరతాడు. వెనకాలే వచ్చిన కాలయవనుడు నిద్రపోతున్న ముచికుందుణ్ణి కృష్ణుడనుకుని తన్ని లేపుతాడు, ఆయన చూపుకు బూడిదవుతాడు. అంటే యుద్ధం విడిచి గుహలోకి వెళ్లే విష్ణుమూర్తి కథ ఈ కొండకు ముందే ఉండి ఉండవచ్చు. బ్రహ్మన్నను విష్ణువు అంశగా నమ్మినవాళ్లకు అదే గుహ, అదే దారి కళ్లముందు కనిపించి ఉంటాయి. పైగా పలనాటి కథకు భారతం పోలికలు పెట్టడం పాతకాలం నుంచీ ఉన్నదే. జూదానికి కోడిపందెం, వనవాసానికి మండాది వలస, అభిమన్యుడికి బాలచంద్రుడు. ఇన్ని కుదిర్చినవాళ్లకు కృష్ణుడి గుహ ఒకటి కుదర్చడం కష్టమా?

రెండూ తూచాక నా లెక్క ఇది: కొండల్లోకి వెళ్లడం నిజం కావచ్చు, గుహలో అదృశ్యం కావడం పాట కలిపినది.

గుహ ఎందుకనేది నేలను అడగాలి. పలనాడు సున్నపురాయి సీమ. పిడుగురాళ్ల బతుకే ఆ రాయి. బట్టీల్లో దాన్ని కాల్చి సున్నం చేసి ఊళ్లకు ఊళ్లు వెల్లవేసింది ఈ పట్నం. వాన నీళ్లు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలచని ఆమ్లంలా మారి, ఆ రాతిని వేల ఏళ్లపాటు కొద్దికొద్దిగా కరిగిస్తాయి. అలాంటి నేలలోనే బిలాలు, లోపలి నీటి మడుగులు ఏర్పడతాయి. ఎక్కడ ఆగుతాయో తెలియని దారులు కళ్లముందే ఉంటే, ఎక్కడికి పోయాడో తెలియని మనిషిని జనం అందులోకే పంపుతారు.

ఇదే కాలంలో జర్మనీలో ఒక రాజుకూ ఇదే జరిగింది. ఎర్రగడ్డం ఫ్రెడరిక్ చక్రవర్తి, వాళ్ల భాషలో బార్బరోసా, 1190 జూన్ 10న నేటి తుర్కియేలోని ఒక నదిలో మునిగి చనిపోయాడు. చూసినవాళ్లున్నారు. అయినా ఆయన క్యుఫ్‌హాయిజర్ కొండ గుహలో నిద్రపోతున్నాడని, గడ్డం ఎదురుగా ఉన్న బల్లను చీల్చుకుని పెరుగుతోందని, దేశానికి కష్టం వస్తే లేస్తాడని జనం నమ్మారు. ఆ కథ మొదట్లో ఆయన మనవడు రెండో ఫ్రెడరిక్ మీద పుట్టి తర్వాత తాత పేరుకు మారిందంటారు. చూశారా, గుహ అక్కడే ఉంటుంది, మనుషులే మారతారు. ముచికుందుడి గుహలోకి బ్రహ్మన్న వచ్చాడనే నా అనుమానానికి ఇది కొంత బలం.

అధికారంలో ఉన్న మనిషి కనిపించకపోతే ఊహలు ఎంత త్వరగా పుడతాయో మన కళ్లతోనే చూశాం. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల మీద కనిపించకుండా పోయింది. మర్నాడు పొద్దున శకలాలు దొరికేలోగా పుట్టిన కథలకు అంతు లేదు. ఆస్ట్రేలియా ప్రధాని హెరాల్డ్ హోల్ట్ 1967 డిసెంబరు 17న ఈతకు దిగి తేలలేదు. శవం దొరకలేదు. చైనా జలాంతర్గామి వచ్చి ఎత్తుకుపోయిందని ఒక రచయిత ఏకంగా పుస్తకమే రాశాడు. ప్రమాదవశాత్తు మునిగిపోయాడని అక్కడి విచారణాధికారి తేల్చింది 2005లో. ఫోన్లు, విమానాలు ఉన్న కాలంలోనే ఇంత. పన్నెండో శతాబ్దంలో వెతికే నాథుడు కూడా లేడు. యుద్ధం అయిన కొన్ని దశాబ్దాలకే కాకతి గణపతిదేవుడు వచ్చి పొరుగున ఉన్న వెలనాటి రాజ్యాన్ని తనలో కలుపుకున్నాడు. పాత రాజ్యాల మంత్రుల ఆచూకీ కొత్త రాజ్యానికి ఎందుకు?

తప్పుకోవాలనుకున్నవాళ్లకు ఆ బిలం తర్వాతి కాలంలోనూ పనికొచ్చింది. 1969లో నక్సలైటు నాయకుడు చారు మజుందార్ వచ్చి రహస్య సమావేశం జరిపింది ఇక్కడే. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకని అడవి వదిలి వచ్చిన నక్సలైటు నాయకులు గుత్తికొండలో సభ పెట్టారు. రాజ్యానికి కనిపించకుండా పోయినవాళ్లు తిరిగి కనిపించిన చోటు కూడా అదే అయింది.

సినిమాల సంగతి రెండు మాటల్లో. 1947లో గోవిందరాజుల సుబ్బారావు, 1966లో ఎన్టీఆర్ బ్రహ్మన్నగా వేశారు. నాగమ్మగా మొదట కన్నాంబ, తర్వాత భానుమతి. ఎన్టీఆర్ బ్రహ్మన్నను చూశాక ఆ మనిషి ఎక్కడో ఓ మూల మామూలుగా చనిపోయి ఉంటాడని తెలుగువాళ్లను ఒప్పించడం ఇంకా కష్టమైంది! నాగమ్మకు మాత్రం ఏ బిలమూ దక్కలేదు. ఆమెదీ మంత్రి పదవే, ఆమె చివరి రోజులూ మసకే. ఉన్నవ లక్ష్మీనారాయణ 'నాయకురాలు' నాటకం రాసి ఆమె వైపు నుంచి మాట్లాడేదాకా ఆమెను గౌరవంగా తలుచుకున్న రచయితలు అరుదు.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, వరసగా అయిదు రోజులు. మందపోరు నాడు చాపకూడు కూడా ఉంటుంది. ఈసారి వెళ్లేవాళ్లు భోజనం అయ్యాక వీరవిద్యావంతుల పక్కన కాసేపు కూర్చోండి. యుద్ధఘట్టాలు అందరూ అడుగుతారు, మీరు యుద్ధం తర్వాతి భాగం అడగండి. బ్రహ్మన్న బిలానికి వెళ్లిన ఘట్టం ఎవరైనా పాడితే, పాడిన ఊరు, నేర్పిన గురువు పేరుతో సహా ఫోన్లో రికార్డు చేసి దాచండి.