చెక్కిందా, చెక్కించిందా?

ఫ్రాన్స్ తూర్పు అంచున స్ట్రాస్‌బూర్గ్ నగరంలోని నోత్రదామ్ కెథీడ్రల్‌ని చూడ్డానికి వచ్చినవాళ్లంతా ముందు తల పైకెత్తుతారు. 142 మీటర్ల ఎత్తున ఒంటి శిఖరం. 1439లో పూర్తయింది. దానికి జతగా రావలసిన రెండో శిఖరం కట్టనే లేదు. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో దీన్ని మించిన ఎత్తయిన కట్టడం లేదు. ఈ ఎత్తు గురించీ, రంగుటద్దాల గురించీ యాత్రాకథనాలు బోలెడున్నాయి. నేను చూడాలనుకున్నది దక్షిణ ద్వారం.

గోథిక్ చర్చి అంటాం గానీ ఈ ద్వారం తోరణాలు ఇంకా పాతపద్ధతిలో గుండ్రంగానే ఉంటాయి. ఇక్కడ కొత్త శైలి గోడల కంటే ముందు మనుషుల దేహాల్లోకి వచ్చింది. ఒక తలుపు పైనున్న అర్ధవృత్తంలో మరియ మరణశయ్య. చుట్టూ శిష్యులు, మంచం ముందు నేల మీద చేతులు పిసుక్కుంటూ ఒక స్త్రీ. ఆ మరణించే దేహం మీది పలుచని గుడ్డ మడతలు చూస్తే, అది రాయి అని మనకి మనం చెప్పుకోవలసి వస్తుంది. 1230 ప్రాంతంలో చెక్కినవి ఇవి.

ఈ శిల్పాలకి ఒక స్త్రీ పేరు అంటుకుంది. ద్వారం పక్కన పన్నెండుమంది శిష్యుల విగ్రహాలుండేవి. వాటిలో యోహాను చేతిలోని పట్టీ మీద లాటిన్‌లో రెండు పంక్తులు. ఎవరి ద్వారా కఠినశిల అయిన తాను రూపం పొందిందో, ఆ సవీనాకి దైవకృప కలగాలని బొమ్మే పలుకుతున్నట్టుగా రాసి ఉండేదట. ఫ్రెంచి విప్లవకాలంలో, 1793లో, ఆ విగ్రహాలు ధ్వంసమయ్యాయి. రాయి పోయింది, దాని మీది మాటలు పాత పుస్తకాల్లో మిగిలాయి.

ఆ పేరుకి తండ్రి ఎలా దొరికాడో చూడండి. కెథీడ్రల్ పశ్చిమ ముఖభాగంతో ముడిపడిన ప్రసిద్ధ స్థపతి ఎర్విన్ ఫాన్ స్టైన్‌బాఖ్. 1772లో గోథే ఆయన్ని జర్మన్ ప్రతిభకి ప్రతీకగా కీర్తిస్తూ వ్యాసం రాశాక ఆ పేరు ఇంకా పెరిగింది. సవీనా ఆయన కూతురు సబీనా అయింది. తండ్రి వదిలిన పనిని పూర్తిచేసిన గుణవతి. 1844లో మొరిట్స్ ఫాన్ ష్విండ్ ఆమె ఉలి పట్టుకున్నట్టు చిత్రం వేశాడు. కానీ ఎర్విన్ చనిపోయింది 1318లో. శిల్పాలు అంతకు ఎనభై ఏళ్లకి పైగా ముందువి. లెక్క ఎటునుంచి వేసినా ఈ తండ్రీకూతుళ్లు కుదరరు. ఒంటరిగా కనిపించిన స్త్రీ పేరుని ఏదో ఒక మగవాడి ఇంట్లో చేర్చందే చరిత్రకి నిద్రపట్టదు కాబోలు.

కథ అబద్ధమని తేలాక పండితులు మరో నిర్ణయానికొచ్చారు: సవీనా శిల్పి కాదు, డబ్బిచ్చిన దాత. అలా కావడానికి అవకాశం ఎక్కువే. అయితే ఈ వివాదమంతా 'ద్వారా' అనే ఒక్క మాట మీద నడుస్తోంది. లాటిన్‌లో ఆ మాట చేసినవాళ్లకీ చేయించినవాళ్లకీ సరిపోతుంది. తెలుగులో మనకి 'చెక్కింది' వేరు, 'చెక్కించింది' వేరు. అయినా 1591లో చార్‌మినార్ 'కట్టింది' మహమ్మద్ కులీ కుతుబ్ షా అని బడిపిల్లలు కూడా చెబుతారు. ఆయన రాయి మోశాడా అని ఎవరూ అడగరు. పురుషుడి దగ్గర అక్కర్లేని ప్రేరణార్థకం స్త్రీ దగ్గరికి రాగానే అంత ముఖ్యమెందుకవుతుంది? నాగార్జునకొండ మహాచైత్యానికి మూడో శతాబ్దంలో దాతగా నిలిచిన ఇక్ష్వాకు స్త్రీ చాంతిసిరి పేరు శాసనాల్లో స్పష్టంగా ఉంది. దాతృత్వం చిన్న పనేమీ కాదు. ఏ కథ రాతిలోకి ఎక్కాలో నిర్ణయించే అధికారం అది.

అసలు చిక్కు అక్కడే ఉంది. అమెరికన్ కళాకారిణి జూడీ షికాగో 'ది డిన్నర్ పార్టీ' (1974–79) నేలపలకల మీద 999 పేర్లు రాయించినప్పుడు వాటిలో సబీనా ఫాన్ స్టైన్‌బాఖ్‌నీ చేర్చింది. పూర్వికురాళ్ల కోసం మన వెతుకులాట నాకు అర్థమవుతుంది. నా పరిశోధన కూడా ఆ ఆకలి మీదే నడిచింది. కానీ సవీనాని పూర్వికురాలిగా స్వీకరిస్తే ఆమె పేరుతో ముడిపడిన ద్వారాన్ని కూడా స్వీకరించాలి కదా.

ఆ ద్వారానికి రెండు వైపులా ఇద్దరు స్త్రీలు నిలబడి ఉంటారు. ఒకరు ఎక్లేసియా, అంటే క్రైస్తవ సంఘం. కిరీటం, సిలువ ధ్వజం, పానపాత్ర, సూటి చూపు. రెండోది సినగోగా, యూదుమతం. కళ్లకి గంత, చేతిలో ముక్కలైన ఈటె, జారిపోతున్న ధర్మశాస్త్ర ఫలకాలు, పక్కకి వాలిన తల. మత నిర్ణయాలు చేసేవాళ్లు పురుషులు. గెలుపునీ ఓటమినీ ఒంటిమీద మోసేవాళ్లు మాత్రం ఆడవాళ్లు. గెలిచినామె కూడా తన గెలుపుని కాదు, వాళ్ల గెలుపునే మోస్తోంది.

1349 ఫిబ్రవరి 14న ఈ నగరంలో యూదుల్ని సజీవదహనం చేశారు. ప్లేగు అప్పటికింకా స్ట్రాస్‌బూర్గ్‌కి రానేలేదు. బావుల్లో విషం కలిపారన్న పుకారు ముందే వచ్చింది. రెండువేలమంది అని ఆనాటి వృత్తాంతాలు చెబుతాయి. బాప్తిస్మానికి ఒప్పుకున్నవాళ్లని వదిలేశారు. వాళ్లకి చెల్లించాల్సిన అప్పులు రద్దయ్యాయి, డబ్బు పంచుకున్నారు. 14వ శతాబ్దం చివరి నుంచి విప్లవం దాకా యూదులు నగరంలో కాపురముండటానికి వీల్లేకపోయింది. పగలు పనిమీద వచ్చినవాళ్లు సాయంత్రం బూర ఊదగానే వెళ్లిపోవాలి. ఆ బూర ఊదింది ఈ కెథీడ్రల్ పైనుంచే.

విగ్రహానికీ మంటకీ మధ్య నూట ఇరవై ఏళ్లు. సినగోగా నిప్పు పెట్టలేదు. కానీ తరాల తరబడి చర్చికి వచ్చిపోయేవాళ్లు, కళ్లున్నా చూడలేని స్త్రీగా తమ పొరుగువాళ్లని అలవాటు చేసుకున్నారు.

ఇప్పుడు ద్వారం దగ్గరున్నవి నకళ్లు. అసలు విగ్రహాలు ఎదురుగా ఉన్న మ్యూజియంలో ఉన్నాయి. ఎక్లేసియా ముందు నేను ఎక్కువసేపు నిలబడలేదు. సినగోగా కట్టిన గుడ్డ ఎంత పలుచగా చెక్కారంటే, కింద మూసిన కనురెప్పల ఉబ్బు తెలుస్తుంది. నడుము మెలిక, మెడ వంపు, ఈటె విరుపు ఒకదాన్నొకటి అనుసరిస్తాయి. ఓడిపోవాల్సిన ఆమె మీదే ఆ ఉలి ఎక్కువ కాలం గడిపిందని నాకనిపించింది. పట్టుకున్నది ఎవరైనా కానీ.