పెరిగిందా, పెంచారా? (కంపెనీ నివేదికల భాషను గురించి)

భాష అందరిదీ. దాన్ని వాడే తీరు మాత్రం వాడేవారి ప్రయోజనాన్ని బట్టి ఉంటుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి మన సాహిత్య విద్యార్థులు కావ్యాలతో పాటు కంపెనీల వార్షిక నివేదికలు కూడా చదవాలని నా కోరిక. నేను రాజమహేంద్రవరంలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. జమాఖర్చులలో నిపుణుణ్ణి కాను. అయినా సత్యం కంప్యూటర్స్ చరిత్ర తిరగేస్తే నాకు ముందుగా కనిపించేది వ్యాకరణమే.

కంపెనీ స్థితిని ఆస్తి అప్పుల పట్టీ యథార్థంగా, తప్పు లేకుండా చూపుతున్నదో లేదో ఆడిటరు చెప్పాలని మన 1913 నాటి చట్టం కోరింది. ఇంగ్లండులో 1947 చట్టమూ, దాని వెనుక మన 1956 చట్టమూ 'తప్పు లేకుండా' అన్న మాట తీసివేసి 'సముచితంగా' అన్న అర్థమిచ్చే మాట పెట్టాయి. 2013 చట్టంలోనూ అదే నిలిచింది. ఈ మార్పు అకారణమైనది కాదు. యంత్రాల తరుగుదల, రాని బాకీలు, నిల్వ సరుకు విలువ, ఇవన్నీ అంచనాలే. అంచనాను అంచనా అనడం నిజాయితీయే.

కాని జాగ్రత్తకు రెండో ముఖం కూడా ఉన్నది. కంపెనీలు భవిష్యత్తును గురించి చెప్పే మాటలకు తగిన హెచ్చరికలు జోడిస్తే, మదుపరుల దావాల నుంచి వాటికి రక్షణ కల్పిస్తూ 1995లో అమెరికా ఒక చట్టం చేసింది. దాన్ని 'సురక్షితమైన రేవు' అంటారు. 2001లో న్యూయార్కు మార్కెట్టుకెక్కిన సత్యం కూడా తన ప్రకటనలకు ఈ హెచ్చరికలు తగిలించేది. రేవు అంటే తుఫానులో పడవకూ, పడవలోని వారికీ ఆశ్రయం. ఈ రేవులో చోటు చెప్పేవానికే గాని, నమ్మినవానికి లేదు.

సత్యం 1987లో పుట్టింది. స్థాపకుడు రామలింగరాజు మా భీమవరం ప్రాంతం వాడు. 2009 జనవరి 7న ఆయన డైరెక్టర్లకు రాసిన ఉత్తరం ప్రకారం, 2008 సెప్టెంబరు పుస్తకాలలో నగదూ బాంకు నిల్వలూ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనివి. ఆ మూడు నెలల నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు. అసలుది 61 కోట్లు. ఆ రోజే షేరు ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. 50,000 మంది ఉద్యోగుల బతుకు ప్రశ్నార్థకమైంది.

పాఠకులు ఒకటి గమనించాలి. అబద్ధం 'జరగవచ్చు', 'అవకాశమున్నది' అన్న వాక్యాలలో లేదు. బాంకులో ఇంత సొమ్ము ఉన్నదన్న చోట, సందేహానికే తావులేని చోట ఉన్నది! రేపటిని గురించి అన్ని సందేహాలు ప్రకటించిన కలానికి నిన్నటి నిల్వ మీద ఒక్క సందేహమూ రాలేదు. బాంకుల ధ్రువీకరణ పత్రాలు తెప్పించే పనిని ఆడిటర్లు యాజమాన్యానికే వదిలేశారని అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ 2011లో తేల్చింది.

ఆ ఉత్తరం అంకెలలో నిక్కచ్చిగా ఉన్నది, క్రియలలో కాదు. అసలు లాభానికీ, పుస్తకాలలోని లాభానికీ నడుమ స్వల్పమైన తేడాగా మొదలైనది ఏళ్లు గడిచినకొద్దీ పెరిగిపోయిందట. ఇక్కడ కర్త ఎవరు? తేడాయే! 'పెరిగింది' అకర్మకం, 'పెంచారు' సకర్మకం. గోదావరిలో వరద దానంతటది పెరుగుతుంది. లెక్కలలో తేడా అలా పెరగదు. అదే నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం దొంగ బిల్లులే 6,000కు పైగా ఉన్నాయి. ప్రతి ఒక్కటీ ఎవరో పనిగట్టుకొని తయారుచేసినదే. చివరకు 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా పదిమందిని దోషులని నిర్ణయించి, ఏడేళ్ల శిక్ష విధించింది. మరుసటి నెలలోనే, అప్పీలు మీద, శిక్ష అమలు నిలిచి వారికి జామీను దొరికింది. ఏమైనా, వాక్యంలో తప్పిపోయిన కర్తను న్యాయస్థానం వెతికి పెట్టింది.

మా డెల్టాలో కౌలు రైతు కూడా జాగ్రత్తగానే మాట్లాడతాడు. 'తుఫాను రాకపోతే పండుతుందండి' అంటాడు. కాని భూస్వామికి కొలవవలసిన కౌలు బస్తాల దగ్గర ఆ 'రాకపోతే' చెల్లదు. అతని సందేహం నిజమైనది. అది అతన్ని కాపాడదు. కంపెనీ సందేహం అచ్చువేసినది. అది కంపెనీని కాపాడుతుంది.

జాగ్రత్తగా మాట్లాడడం నేరం కాదు. ఆ జాగ్రత్త ఎవరి నష్టాన్ని ఎవరి నెత్తికి మారుస్తున్నదని అడగకపోవడమే మన పొరపాటు. తరగతిలో మనం నేర్పే కర్త, కర్మ, క్రియలకు ఇంతకు మించిన ప్రయోజనం నాకు కనిపించడం లేదు.