యార్క్ కోట - అప్పుపత్రాలు

ఉత్తర ఇంగ్లండులోని యార్క్ నగరంలో వీధిని గేట్ అంటారు, కోట ద్వారాన్ని బార్ అంటారు, బార్‌ను మాత్రం పబ్ అంటారు. కొత్తవారికి అక్కడివారు చెప్పే పాత చమత్కారమిది. ఒకప్పుడీ ఊరిని ఏలిన వైకింగుల భాషలో ‘గాటా’ అంటే వీధి. పాలన పోయినా మాట మిగిలింది.

నేనూ మా శ్రీమతీ అక్కడ రెండు రోజులున్నాం. అందరూ చూసేవే చూశాం. మాంసపు అంగళ్ళకు పేరుపడ్డ షాంబుల్స్ ఇరుకు సందు, నగర ప్రాకారం, మిన్‌స్టర్ చర్చిలో లక్షకు పైగా గాజుముక్కలు కూర్చిన ‘ఐదుగురు అక్కచెల్లెళ్ళ’ కిటికీ, క్రీ.శ. 306లో ఇక్కడే చక్రవర్తిగా ప్రకటితుడైన కాన్‌స్టంటైన్ విగ్రహం. వీటి వర్ణనకు పర్యాటక పుస్తకాలు చాలు. నేను వ్రాయదలచినది పచ్చిక కప్పిన ఒక గుట్టను గూర్చి. దాని మీదిదే క్లిఫర్డ్స్ టవర్.

ఇప్పుడున్న రాతి బురుజు 13వ శతాబ్దిది. అంతకుముందు అక్కడ ఉన్నది కొయ్య బురుజు. అది 1190 మార్చి 16న తగలబడింది.

ఆనాడు వడ్డీ వ్యాపారం క్రైస్తవులకు నిషిద్ధం. యూదులు అప్పులిచ్చేవారు, రాజు వారిని కాపాడేవాడు, ఆ కాపుదలకు మూల్యంగా పన్నులు పిండేవాడు. 1189 సెప్టెంబరులో మొదటి రిచర్డు పట్టాభిషేకం నాడే లండనులో యూదులపై దాడులు జరిగాయి. రాజు మతయుద్ధానికై దేశం విడిచి వెళ్ళాక అల్లర్లు ఇతర నగరాలకు ప్రాకాయి. యార్క్‌లో ముందు నిలిచినవారిలో రిచర్డ్ మలెబిస్ వంటి కులీనులున్నారు. అతడు యూదులకు బాకీపడ్డవాడు.

జోస్ అనే ధనికుని వెంట యూదులు కుటుంబాలతో సహా రాజుగారి కోటలోకి చేరారు. కోట అధికారి ఏదో పని మీద వెలుపలికి వెళ్ళాడు. అతణ్ణి నమ్మలేక వారు తిరిగి లోపలికి రానివ్వలేదు. కాపాడవలసిన రాజసైన్యమే అప్పుడు అల్లరిమూకతో కలిసి ముట్టడికి దిగింది. శత్రువు చేతిలో చచ్చేకంటె మన చేతులతోనే పోదామని యోమ్ తోవ్ అనే మతగురువు చెప్పాడు. చాలామంది భర్తలు భార్యాబిడ్డలను చంపి తామూ మరణించారు. బాప్తిస్మానికి ఒప్పుకొంటే ప్రాణం దక్కుతుందన్న మాట నమ్మి తెల్లవారి బయటకు వచ్చినవారిని ఆ గుంపు నరికివేసింది. మృతులు నూటయాభై మంది అని గుట్ట అడుగున 1978లో పెట్టిన ఫలకం చెబుతోంది.

“అప్పిచ్చినవాణ్ణి చంపితే అప్పు తీరుతుందా?” అంది మా శ్రీమతి.

తీరదు. యూదుడు మరణిస్తే అతని బాకీలు రాజుకు చెందుతాయి. కనుకనే హంతకులు కోట నుండి తిన్నగా మిన్‌స్టర్‌కు వెళ్ళారు. అక్కడ భద్రపరచిన అప్పుపత్రాలను తెప్పించి చర్చి నడుమనే తగులబెట్టారు. మతావేశానికి పత్రాలతో పనేమిటి? ఈ ఒక్క ప్రశ్న ఆ కథనంతటినీ మరోవిధంగా చదివిస్తుందని నాకనిపిస్తుంది.

రాజప్రతినిధి వచ్చి పట్టణంలోని పెద్దలకు జరిమానాలు విధించాడు. ముఖ్యులు అప్పటికే పారిపోయారు. ఒక్కరికీ ఉరి పడలేదు. 1194లో మాత్రం చట్టం వచ్చింది: ప్రతి అప్పుపత్రానికీ నకలు ఉండాలి, దానిని అధికారిక పెట్టెలలో తాళాలు వేసి దాచాలి. ఈసారి పత్రాలకు రక్షణ దొరికిందన్నమాట!

విచిత్రమేమంటే కొన్నేళ్ళకే యూదులు మళ్ళీ యార్క్ చేరారు. 13వ శతాబ్దిలో ఆరన్ అనే యార్క్ యూదుడు దేశంలోనే మహాధనికులలో ఒకడు. అతణ్ణీ మూడవ హెన్రీ పన్నులతో పీల్చి పిప్పిచేశాడు. ఇక పిండడానికేమీ మిగలని స్థితిలో, 1290లో మొదటి ఎడ్వర్డు యూదులందరినీ ఇంగ్లండు నుండి వెళ్ళగొట్టాడు.

మా శ్రీమతి కోరిక మీద ప్రాకారం వెలుపలి జ్యూబరీ అనే చోటికీ వెళ్ళాం. అది వారి శ్మశానం. సూపర్ మార్కెట్ కట్టడానికి ముందు 1982-83లో జరిపిన త్రవ్వకాలలో దాదాపు ఐదువందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. 1984లో వాటిని ఆ దగ్గరలోనే తిరిగి పూడ్చారు. ఇప్పుడా ప్రక్కన కార్లు నిలుపుతున్నారు.